కావలి కణాల లెక్క

"పెరుగు గిన్నె ఎనకాల గా గుంతపొంగనాల పెంకు ఏందే?"

ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి పట్టుకుని అత్త హన్మమ్మ అడిగిన ఆ మాటకు, పొయ్యి దగ్గర జొన్నరొట్టె కొడుతున్న గీత చేయి ఆగిపోయింది. అది పెంకు కాదు. ఇరవై నాలుగు గుంతలున్న ప్లాస్టిక్ పలక. ఒక్కో గుంతలో అరచెంచా ద్రవం, అందులో ఉల్లిపొర కంటే పల్చగా కోసిన ఎలుక మెదడు ముక్కలు. కాలేజీ ల్యాబులో ఫ్రిజ్ పాడైందని నిన్న సాయంత్రం నరేందర్ దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని స్కూటర్ మీద తెచ్చాడు. "ఒక్క దినమే గీతా, పెరుగు ఎనకాల పెట్టు. అమ్మకు కనపడనియ్యకు" అన్నాడు.

కనపడింది. చెప్పక తప్పలేదు. చెప్పాక హన్మమ్మ పెరుగు గిన్నె తీసుకెళ్లి దొడ్లో కుమ్మరించి వచ్చింది. దాని వెనకే పాలు, చింతపండు పులుసు, వర్ష కోసం దాచిన రెండు లడ్డూలు. "మా పుట్టింట గాని, అత్తింట గాని, ఎలుక మెదడు పెరుగు పక్కన పెట్టుకున్నోళ్లను నేనైతే సూడలే. సదువుకున్న కోడలు కావాలె, సదువుకున్న కోడలు కావాలె అన్నందుకు నా చెంప నేనే కొట్టుకోవాలె."

వరండాలో గడ్డం గీసుకుంటున్న నరేందర్ అన్నీ విన్నాడు. అద్దంలోంచి చూపు మరల్చకుండానే అన్నాడు: "గీతా, నీకెన్నిసార్లు చెప్పిన, గసొంటియి ఇంట్ల పెట్టొద్దని?"

గీత అతనివైపు చూసింది. చెంప మీద సబ్బు నురగ, చేతిలో కత్తి, మొహంలో ఏ తేడా లేదు. నోటిదాకా వచ్చిన మాటను రొట్టెతోపాటు పెనం మీద వేసి తిప్పింది. తర్వాత పలకను పై అరలోకి మార్చి, కింది అరలన్నీ ఉప్పునీళ్లతో కడిగింది. కడుగుతున్నంతసేపూ ఆమె భయమల్లా ఒకటే: తలుపు అంతసేపు తెరిచి ఉంచారే, ఆ ముక్కలకు వేడి తగిలిందేమోనని.

నరేందర్ వనపర్తిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్. ఏడేళ్లుగా హైదరాబాద్‌లో ఒక ప్రొఫెసర్ మేడం దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాడు. గద్వాల వైపు విత్తనాల కోసం వేసే సీడ్ పత్తి చేన్లలో కొట్టే ఒక పురుగుమందును, చేలో పనిచేసే మనిషి ఒంట్లోకి రోజూ ఎంత పోతుందో ఆ లెక్కన ఎలుకలకు మూడు నెలలు తాగించి, మెదడులో జ్ఞాపకాలు దాచుకునే చోట ఏమైనా చెడిందా అని చూడటం అతని విషయం. ఉత్త మెదడును ఎంత చూసినా అది ఏమీ చెప్పదు, బూడిదరంగు వెన్నముద్ద అంతే. దానికి వెలుగు అంటించాలి. పొరలుగా కోసిన ముక్కల మీద మొదట ఒక యాంటీబాడీ వేస్తారు. అది వేల కణాల మధ్య తనకు కావలసిన కణాన్నే వెతికి పట్టుకుంటుంది. తెల్లవార్లూ చల్లగా ఉంచితే గాని దాని వెతుకులాట తీరదు. తర్వాత రెండోది వేస్తారు. అది వచ్చి మొదటిదాన్ని పట్టుకుంటుంది, దానికి రంగు కట్టి ఉంటుంది. లేజర్ కాంతి పడగానే ఆ రంగు వెలుగుతుంది. నరాల కణాలకు ఆకుపచ్చ, వాటికి కావలి కాసే చిన్న కణాలకు ఎరుపు. మెదడుకు ఏ హాని జరిగినా ముందు కదిలేవి ఆ కావలి కణాలే. మామూలప్పుడు సన్నటి చేతులు నలువైపులా చాచుకుని, అప్పుడే పీకిన వేరుశనగ మొక్క వేర్లలా ఉంటాయి. హాని తగిలితే చేతులు లోపలికి ముడుచుకుని లావెక్కుతాయి.

మూడేళ్ల కిందట మర్చిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి గీత ల్యాబుకు వెళ్లినప్పుడు నరేందర్ ఆ ముక్కలను తిట్టుకుంటున్నాడు. సన్నటి కుంచెతో ఒక గుంతలోంచి ఇంకో గుంతలోకి ఎత్తబోతే చిరిగిపోతున్నాయి. అప్పటికి పదకొండు చిరిగాయి. "జర నన్ను చూడనియ్యి" అని ఆమె కుంచె తీసుకుంది. నీళ్లలో ముక్క ముడుచుకుని తేలుతోంది. కుంచెను దాని కింద పోనిచ్చి, అది తనంతట తానే కుంచెను చుట్టుకునేదాకా ఆగి, ఎత్తింది. చిరగలేదు. రెండోదీ చిరగలేదు. "నీ చెయ్యి మంచిగున్నది గీతా. నువ్వే చెయ్యి" అన్నాడు నరేందర్. అది మెచ్చుకోలో, పని పురమాయింపో ఆ రోజు ఆమెకు తెలియలేదు. ఆనాటి నుంచి వర్షను బడికి పంపి, వంట ముగించి, పదకొండింటికి ల్యాబుకు వెళ్లడం, మూడింటికి బిడ్డ వచ్చే వేళకు ఇంటికి చేరడం అలవాటైంది. కాలేజీ వాచ్‌మన్ రిజిస్టర్లో ఆమెది ఎప్పుడూ ఒకటే వివరం: "నరేందర్ సార్ ఇంటివాళ్లు."

ఆ చేయి ఆమెకు చదువుతో వచ్చింది కాదు. వడ్డేపల్లి పక్కన వాళ్ల ఊరు. సీడ్ పత్తి చేలో ఆడ చెట్ల సాళ్లు వేరు, మగ చెట్ల సాళ్లు వేరు. మధ్యాహ్నం దాటాక ఆడ చెట్టు మొగ్గను పట్టి, బొటనవేలి గోరుతో పై రేకులనూ పుప్పొడినీ గీరేసి, నడుమ ఉన్న సన్నటి కాడ తెగకుండా వదలాలి. గుర్తుకు దాని మీద ఎర్ర కాగితం. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఆ కాడకు అద్దాలి. క్రాసింగ్ అంటారు దాన్ని. కాడ తెగితే కాయ లేదు. బడి సెలవులన్నీ గీత ఆ సాళ్లలోనే గడిపింది. చిన్న వేళ్లయితే కాడ తెగదని ఆడపిల్లలనే పిలిచేవాళ్లు. మందు కొట్టిన మర్నాడే, వాసన పోకముందే, చేలోకి దిగేవాళ్లు.

ఎమ్మెస్సీలో నరేందర్, ఆమె ఒకే తరగతి. పరిశోధనకు అర్హత పరీక్ష ఇద్దరూ ఒకేసారి గట్టెక్కారు. ఆమెకు నాలుగు మార్కులు ఎక్కువే. పెళ్లయ్యాక, సీటు కోసం హైదరాబాద్ వెళ్లాల్సిన వారంలో ఆమెకు మూడో నెల. "ఒక్క ఇంట్ల ఒక్క డాక్టర్ చాలడా? ఇద్దరు డాక్టర్లుంటె బువ్వ ఎవరొండాలె?" అంది హన్మమ్మ. నరేందర్ మాత్రం చేయి పట్టుకుని చెప్పాడు: "ముందు నాది కానియ్యి గీతా. తర్వాత నీది. మాటిస్తున్న." వర్ష ఇప్పుడు రెండో తరగతి. ఆ మాటను నరేందర్ తప్పలేదు, తీర్చనూ లేదు. పండగకు తీసి మళ్లీ మడతపెట్టే పట్టుబట్టలా అది పెట్టెలోనే ఉంది. కాలేజీలో ఆమె అతన్ని "నరేందర్" అనే పిలిచేది. పెళ్లయిన రెండో రోజే హన్మమ్మ "మొగుణ్ని పేరు పెట్టి పిలుస్తదే ఈ పిల్ల, జీతగాన్ని పిలిచినట్టు" అని పదిమందిలో నవ్వింది. "ఏమండీ" అనడం గీతకు నోరు తిరగలేదు. అప్పటినుంచి అతన్ని ఏమని పిలవడమూ మానేసింది. వంటింట్లోంచి గిన్నె చప్పుడు చేస్తే అతనే వస్తాడు.

ఫ్రిజ్ గొడవైన మరుసటి వారం, ముక్కలను గాజుపలకల మీద పరిచి, థర్మాకోల్ డబ్బాలో పెట్టుకుని ఇద్దరూ హైదరాబాద్ బస్సెక్కారు. కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు ఉన్న గదిలో లైట్లు వేయరు. యంత్రం నడిపే అమ్మాయి పేరు వైష్ణవి, ఇరవై ఐదేళ్లుంటాయి. మొదటి పలక పెట్టి, తెర మీదికి బొమ్మ రాగానే "అబ్బ" అంది.

గీత కూడా మొదటిసారి చూసింది. మూడేళ్లు తన వేళ్ల మీదుగా పోయిన బూడిదరంగు పొరలు అవేనా అనిపించింది. నల్లటి చీకట్లో ఆకుపచ్చ కణాలు ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా పేర్చుకుని, పొట్టేలు కొమ్ములా వంపు తిరిగి ఉన్నాయి. ఆ కొమ్ము చుట్టూ దూరదూరంగా ఎర్రటి కావలి కణాలు, చేతులు చాచుకుని. మామూలు మైక్రోస్కోపులో పైపొర, కిందిపొర, అన్నిటి వెలుగూ కలిసి అలుక్కుపోతుంది. ఈ యంత్రంలో సూదిమొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. మనం ఏ లోతును చూడాలనుకున్నామో ఆ లోతు నుంచి వచ్చిన వెలుగునే అది లోపలికి రానిస్తుంది, మిగతాదాన్ని గడప దాటనివ్వదు. వైష్ణవి ఒక మీట తిప్పుతుంటే, ముక్కను మళ్లీ కోయకుండానే, ఒక్కో లోతూ తెర మీదికి వచ్చి పోతోంది. ఒక మనిషిని కూడా ఇలా చూడగలిగితే ఎట్లుంటుందో అనుకుంది గీత. పైపైన వంట, బట్టలు, టిఫిన్ డబ్బాలు. వాటి వెలుగంతా ఆపేసి, ఇంకాస్త లోతుకు తిప్పితే అక్కడ ఏమున్నదో.

"స్టెయినింగ్ ఎవరు చేశారు సార్? ఒక్క ముక్క కూడా మడత పడలేదు" అంది వైష్ణవి.

"నేనే" అన్నాడు నరేందర్. అబద్ధం ఆడాలని ఆడలేదతను. ఊపిరి పీల్చినంత సులువుగా వచ్చేసింది ఆ మాట.

"మరి మేడం?"

"మా మిసెస్. డబ్బా పట్టుకోనీకె తోడొచ్చింది."

రెండే కుర్చీలు. గీత వెనక నిలబడింది. బుక్ చేసుకున్నది నాలుగు గంటలే కాబట్టి రెండు రంగులూ ఒకేసారి తీసేద్దామన్నాడు నరేందర్. అప్పుడు మాత్రం ఆమె ఉండబట్టలేకపోయింది. "వద్దు. ఒకటి తర్వాత ఒకటి తియ్యాలె. రెండూ ఒకేసారి తీస్తే ఆకుపచ్చ ఎరుపులోకి కారుతుంది. లేని కావలి కణాలు ఉన్నట్టు కనపడతాయి."

వైష్ణవి కుర్చీ తిప్పి ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. "మీరేం చేస్తారు మేడం?"

"ఇంట్లనే ఉంట" అంది గీత.

బొమ్మలన్నీ తెచ్చుకున్నాక అసలు పని మిగిలింది: లెక్క. నూట తొంభై రెండు బొమ్మల్లో లావెక్కిన కావలి కణాలు ఎన్నున్నాయో లెక్కపెట్టాలి. దానికి ఒక కట్టడి ఉంది. ఏ బొమ్మ మందు తాగిన ఎలుకదో, ఏది ఉత్త నీళ్లు తాగినదో లెక్కపెట్టే మనిషికి తెలియకూడదు. తెలిస్తే కన్ను తనకు కావలసిందే చూస్తుంది. అందుకే బొమ్మల మీద వట్టి నంబర్లే ఉంటాయి. ఏ నంబరు ఏ ఎలుకదో రాసిన కాగితం నరేందర్ డైరీలో ఉంది. ఎలుకలకు మందు తాపింది అతనే గనక అతను లెక్కపెట్టకూడదు. కుక్కర్ విజిళ్ల మధ్య, నీళ్లు వచ్చే వేళ మధ్య, వర్ష హోంవర్కు మధ్య గీత లెక్కపెట్టింది. అంతా అయ్యాక పదిహేను రోజులు ఆగి, పాత లెక్క చూడకుండా మొత్తం మళ్లీ లెక్కపెట్టింది. "పొద్దంత గా ఎర్ర పురుగులను చూస్త కూసుంటది, పేలు చూసినట్టు. నా తలల పేలు చూడమంటె మాత్రం టైం లేదంటది" అని హన్మమ్మ పక్కింటి ఆమెతో అనడం వినపడింది. గీతకు నవ్వొచ్చింది. ఆ పని ఆమెకు ఇష్టం. ఎవరి పక్షమూ తెలియకుండా తీర్పు చెప్పే చోటు ఆమె బతుకులో అదొక్కటే.

రెండు లెక్కలూ దాదాపు సరిపోయాయి. నరేందర్ ఇచ్చిన పట్టికను టైపు చేస్తున్నప్పుడు ఆమె చూసింది. మొదటి లెక్క కింద "లెక్కించినవారు: శేఖర్", రెండో లెక్క కింద "లెక్కించినవారు: నాగేశ్". ఇద్దరూ అతని కాలేజీ లెక్చరర్లే. ఒక్క బొమ్మ కూడా చూసినవాళ్లు కారు.

"గిదేంది?" అంది.

"ఇద్దరు వేరే మనుషులు లెక్కపెట్టాలని మేడం రూలు పెట్టింది గీతా. భార్య పేరు రాస్తే ఎవరు నమ్ముతరు? ఇంట్ల కూసోని రాసుకున్నరంటరు. గది ఉత్త ఫార్మాలిటీ."

ఆ సాయంత్రం బియ్యంలో రాళ్లు ఏరుతూ గీత ఆలోచించింది. కాగితం మీద తను ఇద్దరు మగవాళ్లు. ఇంట్లో సగం మనిషి కూడా కాదు. అయినా ఊరుకుంది. లెక్క నిజమైనది కదా, పేరుదేముంది అనుకుంది. ఊరుకోవడానికి ఎప్పుడూ ఏదో ఒక మంచి కారణం దొరుకుతూనే ఉంటుంది.

సెప్టెంబరు చివర ఒక శుక్రవారం సాయంత్రం నరేందర్ కాలేజీ నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే మంచం మీద కూలబడ్డాడు.

"ఫరక్ లేదు గీతా."

"ఏంది?"

"మందు తాగినయి, నీళ్లు తాగినయి, రెండూ ఒక్క తీరుగనే ఉన్నయి. కాయితం తీసి సరిచూసిన. ఏడేండ్లు. ఏడేండ్లు పెట్టి ఏం లేదని రాసుకోవాల్నా?" గడువు ఇప్పటికే రెండుసార్లు పెంచారు, ఇక పెంచరు. పీహెచ్‌డీ లేకపోతే వచ్చే ఏడాది కాలేజీలో ఉంచుకుంటారో లేదో తెలియదు. గీతకు అతని మీద జాలి కలిగింది. అతను చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు.

జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "మందు తాగిన వాటి నంబర్లు గివి. గివి ఒక్కసారి మళ్ల లెక్కపెట్టు. నువ్వు మరీ గట్టిగ చూసినవ్. జర లావుగ కనపడ్డయి కూడ కలుపుకో."

"నాకు చూపెట్టకు" అంటూ గీత మొహం తిప్పుకుంది.

"చూపెట్టకుంటె ఎట్ల లెక్కపెడ్తవ్?"

"ఇన్ని దినాలు ఎట్ల లెక్కపెట్టిన?"

నరేందర్ కోప్పడలేదు. పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు. "నేనేం పాపం చెయ్యమంటలే. మందు చెడ్డదని రాస్తె నష్టం ఎవరికి? కంపెనోనికి. మీ అమ్మ మొన్న ఫోన్ల ఏమన్నది? క్రాసింగ్ కాడ తల తిర్గుతున్నది, నిన్నటి మాట యాదికుంటలేదు అనలేదా? మరి గా మందు మంచిదని నీ చేత్తోనే రాస్తవా? సోమారం మేడంకు పంపాలె. ఆలోచించు."

ఆ దెబ్బ సూటిగా తగిలింది. అతను అన్నదాంట్లో తల్లి మాట నిజం, తల తిరగడం నిజం. లెక్కపెట్టినన్నాళ్లూ గీత ప్రతి బొమ్మలోనూ మనసులో కోరుకున్నది అదే. లావెక్కిన కణం కనపడాలని, అమ్మ చెప్పేది అబద్ధం కాదని తేలాలని. కోరుకుంటూనే, లేనిదాన్ని లేదనే రాసింది. ఇప్పుడు నాలుగు అంకెలు అటూ ఇటూ చేస్తే మొగుడి చదువు నిలబడుతుంది, తల్లి మాట నిలబడుతుంది. పడిపోయేది ఒక్కటే, అది ఎవరికీ కనపడదు.

శనివారం పొద్దున వర్షను తీసుకుని పుట్టింటికి బయలుదేరింది. తల్లి జమ్ములమ్మ ఇంట్లో లేదు, చేలో ఉంది. తల తిరుగుతున్నా సీజన్లో పనికి పోకుండా ఉండదు. వర్షను పక్కింట్లో ఆడుకోమని వదిలి గీత చేలోకి నడిచింది. ఎండ వాలుతోంది. ముప్పైమంది ఆడవాళ్లు సాళ్ల మధ్య వంగి మొగ్గలు గీరుతున్నారు. నిన్న కొట్టిన మందు వాసన ఇంకా ఆకుల మీదే ఉంది. గీత తల్లి పక్క సాలులో నిలబడి, ఎవరూ చెప్పకుండానే ఒక మొగ్గ పట్టుకుంది.

"ఏం పరేషాన్ల ఉన్నవ్ బిడ్డ?" అంది జమ్ములమ్మ తలెత్తకుండానే.

"ఏం లేదమ్మా."

"ఏం లేకుంటె మొగ్గ గిట్ల గీర్తవా? చూడు, కాడ తెగ్గొట్టినవ్. చిన్నప్పుడు గూడ నువ్వు గిట్ల తెంపలే."

గీత చెప్పింది. మొగుడు ఏమడిగాడన్నది చెప్పలేదు. ఎలుకలకు ఈ మందే తాపారని, మెదళ్లు కోసి, రంగులు అంటించి, లేజర్ కింద చూశారని, ఏ తేడా కనపడలేదని చెప్పింది. చుట్టుపక్కల సాళ్లలో చేతులు ఆడుతూనే చెవులు ఇటు తిరిగాయి.

"మందు తాపితె ఎలుకలు సావలేదా?" అంది ఒకామె.

"సచ్చేటంత తాపలే అక్క. మన ఒంట్లకు దినాం ఎంత పోతదో గంతనే."

జమ్ములమ్మ గీరిన మొగ్గకు ఎర్ర కాగితం చుట్టి, పక్క మొగ్గను పట్టుకుంటూ, పొద్దంతా ఆ చేలో చెట్ల గురించి ఒకరినొకరు అడిగే మాటే అడిగింది: "మరి గా ఎలుకలు ఆడయా, మొగయా?"

గీత మొగ్గను వదిలి తల్లివైపు తిరిగింది. మూడేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నరేందర్ అడగలేదు, మేడం అడగలేదు, తనూ అడగలేదు.

"మొగయే" అంది చివరికి. "అన్ని మొగయే. ఆడయైతె, మనకు నెలనెల అయినట్టు, వాటికి నాలుగైదు దినాలకోసారి ఒంట్ల మార్పులుంటయి, లెక్క సక్కగ రాదని మొగయే తీసుకుంటరు."

పక్క సాలులో ఆమె నడుము మీద చేయి వేసుకుని పకపకా నవ్వింది. "ఓ పిల్లా, గీ చేన్ల ముప్పై మందిమున్నం. మొగోడంటె గాడ గట్టు మీద బీడి తాగుతున్న శాంతయ్య ఒక్కడే. గాయన బుర్ర మంచిగున్నదని చెప్పనీకె ఇంత సదువు సదివిండ్రా?"

సాళ్లన్నీ నవ్వాయి. గట్టు మీద శాంతయ్య కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. జమ్ములమ్మ మాత్రం నవ్వలేదు. "నాకు నెలనెల ఆగిపోయి పదేండ్లాయె బిడ్డ" అంది. "మరి నేను ఏ లెక్కల వస్త?"

గీత గట్టు మీదికి వచ్చి కూర్చుంది. సాళ్లలో వంగిన వీపులు కనపడుతున్నాయి. ఆమె తలలో రెండు మాటలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి: లేదు, కనపడలేదు. మగ ఎలుకల్లో, ఆ మోతాదులో, ఆ మూడు నెలల్లో కనపడలేదు. అదే నిజం, అంతవరకే నిజం. రేపు తను అంకెలు మార్చి ఉందని రాస్తే, నరేందర్ పేరు ముందు డాక్టర్ చేరుతుంది, వనపర్తిలో పెద్దమనుషులు శాలువా కప్పుతారు, ఆ ప్రశ్న అక్కడితో మూసుకుపోతుంది. తెలిసిపోయిందనుకున్నదాన్ని మళ్లీ ఎవరు వెతుకుతారు? ఎన్నడో ఒకనాడు ఎవరో ఆ బొమ్మలు తీసి లెక్క సరిచూస్తే, దొంగ లెక్క బయటపడితే, దాంతోపాటు ఈ ముప్పైమంది చెప్పుకునే తల తిరుగుడూ దొంగదే అయిపోతుంది. అమ్మను నమ్మించడం కోసం అబద్ధం రాస్తే, అమ్మ చెప్పేది కూడా అబద్ధమే అని ఒప్పుకున్నట్టు. అసలు అమ్మ మెదడులాంటి మెదడును ఇంతవరకూ ఎవరూ ఆ వెలుగు కింద పెట్టనే లేదు. లెక్క చెడుతుందని పక్కన పెట్టారు. తన పేరు రాస్తే ఎవరూ నమ్మరని తనను పక్కన పెట్టినట్టే.

ఆదివారం సాయంత్రానికి వనపర్తి చేరింది. సోమవారం పొద్దున, వర్షను బడికి పంపాక, నరేందర్ ముందు ఛాయ్ పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆ ఇంట్లో ఆమె అతని ఎదురుగా కుర్చీలో కూర్చోవడం అరుదు.

"లెక్క మార్చను" అంది. "పేర్లు మారుస్త. రెండు లెక్కలు నావి, రెండు చోట్ల నా పేరే పెడ్త."

నరేందర్ గ్లాసు కింద పెట్టాడు. "నన్ను బజార్ల నిలబెడ్తవా గీతా?"

"లేదు. కనపడలేదని రాయి. గట్ల రాసుడు తప్పు కాదు, గది కూడ జవాబే. ఎలుకలన్ని మొగయని గూడ రాయి. గది నీ థీసిస్‌ల ఒక్క లైన్ల ఉన్నది, నేనే టైపు చేసిన, నేనే సోయి లేకుండ టైపు చేసిన."

"ఇంటోళ్లే లెక్కపెట్టిండ్రని తెలిస్తె మేడం ఒప్పుకోకపోతె? మళ్ల మొదటికొస్తె?"

"మళ్ల లెక్కపెడ్తరు. ఎవరు లెక్కపెట్టిన గదే వస్తది. నా లెక్క మీద నాకు నమ్మకమున్నది."

మాటలు విని హన్మమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "పొద్దుగాల్నే ఏం లొల్లే? మొగని కడుపు కొడ్తవా, వాని సదువు చెడగొట్టి?"

గీత లేచింది. "ఆయన సదువు చెడగొడ్తలేను అత్తమ్మ. నాది మొదలు పెడ్తున్న. రేపటినుంచి రొట్టెలు మీరు చెయ్యాలె. లేకుంటె మీ కొడుకుకు నేర్పియ్యిండ్రి."

హన్మమ్మ కొడుకు వైపు చూసింది, ఏదో ఒకటి అంటాడని. నరేందర్ తల వంచుకుని ఛాయ్ గ్లాసు అంచునే చూస్తున్నాడు. వద్దని మాత్రం అనలేదు.

ఏడేళ్లుగా "రెస్పెక్టెడ్ మేడం" అని మొదలయ్యే అతని ఉత్తరాలన్నీ టైపు చేసింది గీతే. మేడం ఫోన్ నంబరు ఆమెకు నోటికి వచ్చు. ఫోన్ చేసింది.

"నేను గీతను మేడం. వనపర్తి నుంచి."

"ఏ గీత?"

నరేందర్ భార్యను అనబోయి ఆగింది. "ఇవాళ నరేందర్ మీకు పంపాల్సిన పట్టికలో శేఖర్, నాగేశ్ అని ఇద్దరు లెక్కపెట్టినట్టు రాసి ఉంది మేడం. ఆ ఇద్దరూ నేనే. ముక్కలకు రంగు అంటించింది కూడా నేనే."

అవతల గొంతు గట్టిపడింది. "అంకెలు మార్చారా?"

"లేదు మేడం. బొమ్మలన్నీ, నా రెండు లెక్కలూ ఇవాళే పంపుతున్నాను. ఎవరితోనైనా మళ్లీ లెక్కపెట్టించండి."

"ఇది చిన్న విషయం కాదు, తెలుసా? నరేందర్‌తో నేను మాట్లాడాలి. అతను జవాబు చెప్పుకోవాలి."

"చెప్తాడు మేడం. ఇక్కడే ఉన్నాడు."

మేడం నిట్టూర్చింది. "ఆ ముక్కలు నేను చూశాను. అంత శుభ్రమైన పని ఈ మధ్య చూడలేదు. మీకేం కావాలమ్మా? పేపర్లో మీ పేరు పెట్టాలా?"

"పెట్టండి మేడం, అది నాదే. ఈసారి అర్హత పరీక్ష మళ్లీ రాస్తాను, మీ దగ్గరే చేరుతాను. అదే మందు, అదే మోతాదు. నాకు ఎలుకలు కావాలి."

"ఎన్ని?"

"ముందు పన్నెండు చాలు" అంది గీత. "అన్నీ ఆడవి. అందులో ఆరు, ఈనే వయసు దాటిన ముసలివి."